పాళీ గద్యానువాదంలో వాక్యపు నిడివి

పాళీ గద్యాన్ని తెలుగు చేసేవారికి చిత్తుప్రతిని సవరించే వేళ తరచుగా అందే సలహా ఒకటి ఉన్నది: వాక్యాలను చిన్నవి చేయమని. వాక్యం రెండు పంక్తులు దాటగానే దానిని మూడు ముక్కలు చేయడమే పరిష్కరణ అన్న భావం దాని నుంచి బలపడింది. దీనికి విరుగుడుగా వినిపించే మరో సలహా, చిన్న వాక్యాలనూ పెద్ద వాక్యాలనూ కలిపి వాడమన్నది. మొదటిదాని కన్నా ఇది మేలే. అయితే ఎక్కడ చిన్నది, ఎక్కడ పెద్దది అని అడిగితే ఈ సలహా వద్ద సమాధానం లేదు. ‘ఉప్పు తగినంత’ అని ఊరుకునే వంటల పుస్తకం వంటిది అది. వంట వచ్చినవారికి ఆ మాట అక్కరలేదు, రానివారికి పనికిరాదు.

ధమ్మపద అట్ఠకథలోని కిసాగోతమి వృత్తాంతాన్ని పరీక్షకు తీసుకుంటే ఈ సలహాల బలాబలాలు తేలుతాయి. మొదటి సలహాను తు.చ. తప్పక పాటించిన ప్రతి ఇలా ఉంటుంది: “కిసాగోతమి శ్రావస్తిలో ఉండేది. ఆమెకు ఒక కొడుకు పుట్టాడు. వాడు నడక నేర్చాడు. అంతలో చనిపోయాడు. ఆమె చావును ఎరుగదు. బిడ్డను చంకన వేసుకున్నది. ఇంటింటికీ తిరిగింది. మందు అడిగింది. జనం నవ్వారు.” ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కాని కొడుకు పుట్టడమూ, చావడమూ, జనం నవ్వడమూ ఒకే తూకంతో పడ్డాయి. తల్లి దుఃఖం దుకాణపు చిట్టాలాగ తయారైంది.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున, పాత పండితుల ఇష్టాన్ని అనుసరించిన ప్రతి ఇది: “శ్రావస్తిలో కాపురముండి, ఒక కొడుకును కని, వాడు నడక నేర్చే ప్రాయంలో చనిపోగా, అంతకు మునుపు చావును కన్నదానను కాననే ఎరుక సైతం లేనిదై, ఆ శవాన్ని చంకన వేసుకొని, ఇంటింటా మందు అడుగగా జనులు నవ్వుచుండ, ఒక వివేకి మార్గం చెప్పగా, కిసాగోతమి భగవానుని వద్దకు వెళ్లింది.” ఇక్కడ లోపం పొడవు కాదు. కర్త నాలుగుమార్లు మారింది: తల్లి, బిడ్డ, జనం, వివేకి. అసలు కర్త పేరు చివరి వరకు రాలేదు. చెవి ఎవరి వెంట నడవాలో తెలియక నడిమధ్య నిలిచిపోతుంది.

ఈ రెండింటినీ పక్కన పెట్టి రాసిన మూడవ ప్రతి ఇట్లా ఉండవచ్చు: “కిసాగోతమి కొడుకు నడక నేర్చే ప్రాయంలో చనిపోయాడు. అంతకు మునుపు ఆమె చావును చూడలేదు. బిడ్డను చంకన వేసుకొని, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, ఈ వీధి నుంచి ఆ వీధికి తిరుగుతూ, ఎదురైన ప్రతివారినీ మందు అడుగుతూ, నవ్వినవారు ఎందుకు నవ్వుతున్నారో తెలియక మళ్లీ మరో గడప ఎక్కుతూ పోయింది. చచ్చినవానికి మందెక్కడిది అన్నారు జనం.” ఇందులో పొడవైన వాక్యం ఒక్కటే. అది పొడవుగా ఉన్నది ఎందుకంటే ఆమె తిరిగిన దారి పొడవైనది. ఆ వాక్యమంతటికీ కర్త ఒక్కరే, కనుక ఎంత సాగినా బరువు తెలియదు. దాని తరువాత వచ్చే జనం మాట గోడలా అడ్డు నిలుస్తుంది.

కథ ఉత్తరార్ధంలో పరిస్థితి మారుతుంది. చావు ఎరుగని ఇంటి నుంచి చిటికెడు తెల్లావాలు తెమ్మంటాడు బుద్ధుడు. (తెల్లావాలకు పాళీలో సిద్ధత్థకమని పేరు. బోధిసత్త్వుని పేరును స్ఫురింపజేసే ఆ మాటను కథకులు ఏరి పెట్టారా, యాదృచ్ఛికమా అన్నది వేరే చర్చ.) ఆమె గడప గడపకూ పోతుంది. ప్రతి ఇంటా ఆవాలున్నాయి. ప్రతి ఇంటా చావు ఉన్నది. ఇక్కడ వాక్యాల నిడివి మారకూడదు. అదే ప్రశ్న, అదే జవాబు, అదే కొలతతో రావాలి. వైవిధ్యం కోసమని రెండవ ఇంటి జవాబును పొడిగించి, మూడవ ఇంటిది కుదించిన అనువాదకుడు కథను చేజార్చుకున్నట్లే. అన్ని ఇళ్లూ ఒకటే అన్న ఎరుక ఆమెకు కలిగేది ఆ మార్పులేని లయ వలననే. ఏకరూపతను దోషమని కొట్టివేసే సూత్రం ఇక్కడ పనిచేయదు.

తెలుగు వాక్యపు నిడివిని పదాల లెక్కతో కొలవడంలోనే అసలు పొరపాటున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో క్త్వార్థకమనీ, శత్రర్థకమనీ, చేదర్థకమనీ పేర్కొన్న అసమాపక క్రియలు తెలుగు గద్యానికి కీళ్ల వంటివి. వెళ్లి, చూసి, అడిగి, తిరిగి వచ్చాడు అన్న వాక్యంలో నాలుగు పనులున్నా చెవికి ఒక్కటే నడక. అదే నాలుగు పనులను ‘అని’తోనూ, ‘చేసిన’ వంటి ధాతుజవిశేషణాలతోనూ ఒకదాని కడుపులో ఒకటి ఇరికిస్తే ఏడెనిమిది పదాలకే ఊపిరి ఆగిపోతుంది. మొదటిది గొలుసు, రెండవది పెట్టెలో పెట్టె. పరిష్కర్త కత్తి మొదటిదాని మీద పడుతున్నది, ఎందుకంటే అది కాగితం మీద పొడవుగా కనబడుతుంది. రెండవది పొట్టిగా ఉన్నందున తప్పించుకుంటున్నది.

ఈ విషయంలో పాళీకీ తెలుగుకూ ఉన్న సామ్యం అనువాదకులకు దొరికిన వరం. ఒక బ్రాహ్మణుడు భగవానుడున్న చోటికి పోయి, నమస్కరించి, ఒక పక్కన కూర్చుండే సన్నివేశం సుత్తపిటకంలో అడుగడుగునా వస్తుంది. పాళీ దానిని ‘త్వా’ ప్రత్యయంతో ముగిసే క్రియలతో నడుపుతుంది. తెలుగు వ్యాకరణంలోని క్త్వార్థకానికి ఆ పేరు వచ్చింది పాణిని చెప్పిన అదే ప్రత్యయం నుంచి. ఉన్నదున్నట్లు తెలుగులోకి వచ్చే వాక్యం ఇది. అయితే 1881లో పాళీ గ్రంథ సమాజం ఏర్పడిన తరువాత వెలువడిన ఇంగ్లీషు అనువాదాలను ఆధారం చేసుకొని తెలుగు చేసేవారికి ఈ గొలుసు అప్పటికే తెగి చేరుతుంది. ఇంగ్లీషుకు ఆ కీళ్లు తక్కువ, తెంపక తప్పదు. అక్కడ తెగినందుకు ఇక్కడా తెంపడం, తెలుగుకు లేని రోగానికి తెలుగుచేత మందు మింగించడమే. ఇంగ్లీషు ద్వారా వచ్చిన అనువాదాలలో ‘అతడు వెళ్లాడు. అతడు నమస్కరించాడు. అతడు కూర్చున్నాడు’ వంటి వరుసలు ఉన్న చోట మూలాన్ని తెరచి చూస్తే, చాలాసార్లు అక్కడ ఒక్కటే వాక్యం కనబడుతుంది.

నిడివి ఒక సిద్ధాంతాన్ని మోసే చోట ఈ సంగతి శైలి హద్దులు దాటుతుంది. ప్రతీత్యసముత్పాదంలో 12 అంగాలు, వాటి నడుమ 11 సంబంధాలు. పాళీ మూలంలో తొలి సంబంధాలు ఒక్కొక్కటి రెండేసి పదాలు మాత్రమే, క్రియ లేదు. అవిద్య మొదలుకొని భవం, జాతి వరకు పరుగు సమానంగా సాగి, జరామరణం దగ్గరకు రాగానే శోకం, పరిదేవనం, దుఃఖం, దౌర్మనస్యం, ఉపాయాసం అన్నీ వచ్చి చేరి వాక్యం ఒక్కసారిగా బరువెక్కుతుంది. కలుగుతున్నవన్న క్రియ అప్పుడు గాని రాదు. 11 సంబంధాలూ ఆ ఒక్క క్రియ కోసం ఎదురుచూస్తాయి. నిరోధ క్రమంలో ఈ కొలత మారుతుంది. అక్కడ మొదటి సంబంధం కూడా పొడవైనదే: అవిద్య మిగులు లేకుండా విరాగంతో నిరోధింపబడాలని విశేషణాలు పేర్చి చెప్పి, నడిమి సంబంధాలను పొట్టి పదాలతో దొర్లించి విడుస్తుంది మూలం. పుట్టే వేళ బరువు చివరనే ఉన్నది, అణగే వేళ మొదట కూడా ఉన్నది. సాధకుడు శ్రమించవలసిన తావేదో వాక్యపు నిడివే చూపిస్తున్నది.

తెలుగులో ప్రతి సంబంధానికీ ‘కలుగుతున్నది’ అని ఒక క్రియ తగిలించి పదకొండు పూర్ణవిరామాలు పెట్టినపుడు ఇది పోతుంది. పదకొండు వేరు వేరు సంఘటనలు వరుసగా జరిగినట్లు వినిపిస్తుంది. ఒకటి ఉంటేనే మరొకటి అన్న ప్రత్యయభావం, ఒకటి తరువాత మరొకటి అన్న కాలక్రమంగా జారిపోతుంది. ఆ జారుడు చిన్నది కాదు. తెలుగు క్రియలేని వాక్యాన్ని హాయిగా భరించే భాష. ‘ఇది మా ఇల్లు’ అనడానికి క్రియ ఎవరూ వెతకరు. కనుక రెండేసి పదాల పాళీ నడక తెలుగుకు పరాయిది కాదు. పరిష్కర్త చేయవలసింది కలపడం కాదు, కోయడం కాదు, అదనంగా చేరిన పది క్రియలను తీసివేయడం.

సంస్కృత ఆలంకారికులకు ఈ స్పృహ ఉండేది. వామనుడు గద్యాన్ని వృత్తగంధి, చూర్ణం, ఉత్కలికాప్రాయం అని మూడు విధాలు చేశాడు. పద్యపు నడక లీలగా వినిపించేది మొదటిది, చిన్న సమాసాలతో తేలికగా సాగేది రెండవది, పెద్ద సమాసాలతో ఉవ్వెత్తున లేచేది మూడవది. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో సమాసాలే లేని ముక్తకాన్ని నాలుగవదిగా చేర్చాడు. సమాసభూయిష్ఠమైన ఓజస్సును గద్యానికి ప్రాణమన్న దండి మాటను పట్టుకొని వేలాడినవారు ఈ విభాగాన్ని మరచారు. బాణుడు మరువలేదు. హర్షచరితం ఎనిమిదవ ఉచ్ఛ్వాసంలో వింధ్యాటవిలోని బౌద్ధాచార్యుడు దివాకరమిత్రుని ఆశ్రమాన్ని వర్ణిస్తూ, అక్కడి చిలుకలు సైతం కోశాన్ని బోధిస్తున్నాయనే వరకు వర్ణనను సాగదీసినవాడు, హర్షుడూ ఆచార్యుడూ మాట్లాడుకునే చోట వాక్యాన్ని దించివేస్తాడు. వర్ణనకు ఒక నిడివి, సంభాషణకు ఒక నిడివి.

ఆంధ్రదేశపు బౌద్ధ శాసనాలలోనూ ఈ తేడా రాతి మీద కనబడుతుంది. అమరావతి శిలాఫలకాలపై దాతల శాసనాలు చాలా వరకు ఫలానావారి దానమని చెప్పి ముగుస్తాయి. నాగార్జునకొండలో వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో చాంతిసిరి మహాచైత్యం వద్ద నిలిపించిన ఆయక స్తంభాల మీది ప్రాకృత వాక్యాలు అలా కావు. బుద్ధునికి వందనం, రాజు చేసిన యాగాలు, ఆమె ఎవరి సోదరి, ఎవరికి అత్త అన్న వివరాలు, పుణ్యఫలం ఎవరెవరికి చెందాలన్న కోరిక అన్నీ ఒకే ప్రవాహంలో కలుస్తాయి. సామాన్య దాతకు రాతి మీద చోటు తక్కువ, చెప్పుకోవలసిన వంశమూ తక్కువ. ఇక్ష్వాకుల ఇంటి ఆడపడుచుకు రెండూ ఎక్కువే. ఆ పొడవును కోసి చిన్న వాక్యాలుగా తెలుగు చేస్తే భావం తేటపడుతుందన్న మాట నిజమే, అయితే రాజకుటుంబం తనను తాను చూపుకొన్న తీరు మాసిపోతుంది. శాసనానువాదంలో ఆ తీరు కూడా ఒక సాక్ష్యం.

ఇంతకూ ఈ అనువాదాలు చేరే చెవులు ఎవరివి? బౌద్ధ గ్రంథాలయాలకు అలవాటుపడిన పాఠకుని పక్కన పెట్టి, అండమాన్‌లోని షాదీపూర్ వంటి చోటును తలచుకుంటే ప్రశ్న పదునెక్కుతుంది. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా ఉండి, శ్రీ విజయపురమైన ఆ నగరంలోని పేట అది. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో అనేకం. బంగాళీ, హిందీ, తమిళం, మలయాళం పక్క పక్క వాకిళ్లలో వినిపించే చోట పెరిగిన పిల్లలకు తెలుగు ముందుగా ఇంటి మాట, ఆ తరువాతనే పుస్తకపు మాట. అటువంటి ఇంట ఒక సూత్రానువాదం చదవడమంటే, లిపి వచ్చినవారు పైకి చదవగా తక్కినవారు వినడం కావచ్చు. త్రిపిటకం పుట్టిన తీరు కూడా అదే.

అటువంటి శ్రోతలకు చిన్న వాక్యాలే శరణ్యమని తొందరపడి తీర్పు చెప్పడం సులువు. భాషల నిర్మాణం వేరే మాట చెబుతుంది. తెలుగు ‘వెళ్లి’ అన్నదానికి హిందీలో ‘జాకర్’, బంగాళీలో ‘గియే’, తమిళంలో ‘పోయ్’, మలయాళంలో ‘పోయి’ ఉన్నాయి. ఆ వీధిలో వినిపించే ప్రతి భాషలోనూ క్త్వార్థకపు గొలుసు ఉన్నది. కనుక ఎంత పొడవైనా ఆ గొలుసు షాదీపూర్ చెవికి కొత్త కాదు. కొత్త అనిపించేది ‘అని’ బరువు. హిందీ అలవాటైన చెవి ‘అన్నాడు’ అన్న మాటను ముందు వింటుంది, అన్నదేమిటో తరువాత వింటుంది. తెలుగు గ్రాంథిక వాక్యం చెప్పినదంతా ముందు పరచి, ఎవరు చెప్పారో చివర వెల్లడిస్తుంది. భగవానుడు చెప్పినది ఆనందుడు విని మరొకరికి చెప్పిన ఘట్టాలలో ఇది రెండు మూడు పొరలవుతుంది. అక్కడ వాక్యాన్ని విరవవలసిందే, లేదా వాడుకభాష చేసే పని చేయాలి: చెప్పినవాని పేరును ముందుకు తెచ్చి, ‘ఇలా అన్నాడు’ అని ఆపి, మాటను తరువాత విడిగా వినిపించాలి. వ్యావహారిక భాషోద్యమంలో గిడుగు రామమూర్తి వాదించినది పదరూపాల గురించి మాత్రమేనని అనుకునేవారు, నోటి వాక్యపు క్రమం గురించి కూడా ఆ వాదం వర్తిస్తుందని గమనించడం లేదు. క్రియాంతాలు మార్చి, లోపలి కట్టును గ్రాంథికంగానే ఉంచిన అనువాదాలు నేటికీ వస్తున్నాయి.

సూత్రారంభంలోని ప్రసిద్ధ ఘట్టమే ఒక వాక్యాంత సమస్య. విన్నాననే మాటకూ, భగవానుడు ఫలానా చోట విహరించుచుండెననే మాటకూ నడుమ ‘ఒక సమయమున’ అన్న మాట ఉన్నది. అది ముందు వాక్యానిదా, వెనుక వాక్యానిదా? పాళీ సంప్రదాయం విహరించడంతో కలిపింది. టిబెటన్ అనువాదాలలో విరామరేఖ ఆ మాట తరువాత పడుతుంది, అనగా ఒక సమయమున విన్నానని. ఈ చిక్కును జాన్ బ్రఫ్ 1950లో విడిగా చర్చించాడు. తెలుగు అనువాదకుడు అలవాటుగా పెట్టే పూర్ణవిరామం ఆ వివాదంలో ఒక పక్షాన తీర్పు. కొలతబద్దతో వాక్యాలను కోసే పరిష్కర్త ఆ తీర్పు తాను ఇచ్చినట్లు కూడా గుర్తించడు.

పునరుక్తి దగ్గర మాత్రం కత్తికి సంప్రదాయం అనుమతి ఉన్నది. చెప్పినదే మళ్లీ వచ్చే చోట ‘పేయ్యాల’మని గుర్తుపెట్టి దాటవేయడం పాళీ ప్రతులలో మామూలు. 5వ శతాబ్దంలో అనురాధపుర మహావిహారంలో సింహళ అట్ఠకథలను పాళీలోకి మార్చిన బుద్ధఘోషుడు, సుమంగలవిలాసిని పీఠికలో, మళ్లీ మళ్లీ వచ్చిన అర్థాన్ని వదలి విషయాన్ని ప్రకటిస్తానని స్పష్టంగానే చెప్పాడు. బౌద్ధ వాఙ్మయంలో పరిష్కర్తలకు ఆయనను మించిన పెద్దదిక్కు లేదు. అయితే ఆయన వదిలినది వ్యాఖ్యానంలోని పునరుక్తిని, బుద్ధవచనంలోనిది కాదు. దీఘనికాయపు గద్యంలో పర్యాయపదాలు అక్షరసంఖ్య పెరిగే వరుసలో పేర్చబడి ఉంటాయని, కంఠస్థం చేయడానికి అది తోడ్పడుతుందని మార్క్ ఆలన్ 1997లో విపులంగా చూపాడు. విషయం ఒకటే అయినా ఒక్కొక్క మాటా పెరుగుతూ పోవడం భాణకుని ఊపిరికి మెట్లు. ఆ వరుసలో మూడు పర్యాయపదాలను తీసి ఒకటి ఉంచితే అర్థానికి నష్టం లేదు, నడకకు ఉన్నది. అక్షరాల పెరుగుదలను తెలుగు పదాలలో తిరిగి కట్టడం కష్టమే, కాని దీర్ఘమైన మాటను చివరకు తేవడం ప్రతి అనువాదకుడూ చేయగల పని.

ఈ రెండు రకాల పునరుక్తినీ వేరు చేయలేని పరిష్కరణ ఎక్కువ నష్టం కలిగించేది మహాపరినిబ్బాన సుత్తపు చివరి ఘట్టంలో. తథాగతుని కడపటి ఉపదేశంలోని సారం పాళీలో నాలుగే పదాలు. తెలుగులో దానిని వివరణతో రెండు పంక్తులు చేసే ఉబలాటాన్ని నిగ్రహించుకోవాలి. ఆ వెంటనే ధ్యానారోహణ మొదలవుతుంది. మొదటి ధ్యానంలో ప్రవేశించి, దాని నుంచి లేచి రెండవదానిలో ప్రవేశించి, ఆ విధంగా నాలుగు ధ్యానాలు, నాలుగు అరూప సమాపత్తులు, సంజ్ఞావేదయిత నిరోధం వరకు తొమ్మిది మెట్లు. అక్కడ ఒక్కసారి నడక ఆగుతుంది. భగవానుడు పరినిర్వాణం చెందాడా అని ఆనందుడు అడుగుతాడు. లేదు, నిరోధసమాపత్తిలో ఉన్నాడంటాడు అనురుద్ధుడు. తరువాత మొదటి ధ్యానం వరకు ఎనిమిది మెట్ల అవరోహణ, మళ్లీ నాలుగవ ధ్యానం వరకు మూడు మెట్ల ఆరోహణ, ఆ వెంటనే పరినిర్వాణం. మొత్తం 20 ప్రవేశాలు, అన్నీ ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. పరిష్కర్తకు ఇది నిస్సందేహంగా కోయవలసిన చోటుగా కనబడుతుంది: ‘వరుసగా ధ్యానాలన్నింటిలో ప్రవేశించి’ అని ఒక్క ముక్కలో తేల్చవచ్చు. కాని పడక చుట్టూ కూర్చున్నవారు ఆ రాత్రి విన్నది ఏమీ లేదు, చూసినది కదలని దేహాన్ని. వినేవారికి ఆ నిరీక్షణను ఇచ్చేది ఆ సమానమైన మెట్లే. వాటిని మడిచిపెట్టిన అనువాదంలో ఆనందుని ప్రశ్న, అడగవలసిన సమయం రాకముందే అడిగినట్లు వినిపిస్తుంది.